హాజరు లేనోళ్లు

కాంతమ్మ ఆ రోజు బడికి వచ్చింది బిడ్డ కులం సర్టిఫికెట్టు ఇచ్చిపోదామని. వచ్చినందుకు ఆ అన్యాయాన్ని తన కళ్లతో తానే చూసింది.

నల్లదిన్నె ఉన్నత పాఠశాలలో చివరి గదికి ఆ వారమే కొత్త రంగు వేశారు. గోడకు పెద్ద తెర బిగించారు. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలకు పై తరగతుల లెక్కలూ సైన్సూ ముందుగానే నేర్పే ఫౌండేషన్ క్లాసు అందులో మొదలైంది. అది నేర్చిన పిల్లలకు పెద్ద కాలేజీల దారి సులువవుతుందని ఊరంతా చెప్పుకుంటోంది. కాంతమ్మ వరండా ఎక్కేసరికి ఆమె బిడ్డ ఎస్తేరు బోర్డు దగ్గర నిలబడి లెక్క చేస్తోంది. తొమ్మిదో తరగతి పిల్ల. అమ్మ వచ్చిందని కూడా చూడకుండా గీకుతూ పోతోంది.

అంతలో హెడ్‌మాస్టరు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయన వెనకే తిమ్మప్ప వచ్చాడు. తిమ్మప్ప సీడు పత్తి ఆర్గనైజరు. విత్తనాల కంపెనీకీ రైతులకూ మధ్య మనిషి. నాలుగు ఊళ్ల చేలలో పత్తి పువ్వులకు క్రాసింగు చేయించేది అతనే. బడికి ఆ తెర కొనిచ్చిందీ అతనే, అందుకని బడి పెత్తనం కూడా అతనిదే.

"పేరు పిలిచినోళ్లు లేచి బయటికి పోవాలె" అన్నాడు హెడ్‌మాస్టరు.

పదకొండు పేర్లు చదివాడు. పదకొండూ ఎస్సీ కాలనీ పిల్లలవే. ఇద్దరు తప్ప అందరూ ఆడపిల్లలే.

"పోయినేడు హాజరు తక్కువ ఉన్నోళ్లకు ఈ క్లాసు లేదు. గంతే."

"సార్, ఈ లెక్క అయిపోవొచ్చింది. ఇంక రెండే వరుసలు" అంది ఎస్తేరు.

"నడువమ్మా బయటికి."

లెక్కల టీచరు జయశ్రీ ముందుకొచ్చింది. గద్వాల నేతగాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి, మగ్గం చప్పుడు మధ్య చదువుకున్న మనిషి. "సార్, పరీక్ష పెట్టి చూద్దాం. ఈ పిల్లను మించినోళ్లు ఎవరున్నరో తేలిపోతది" అంది.

"మేడం, మీరు జర ఊకోండ్రి."

తిమ్మప్ప నవ్వాడు. "నీ చెయ్యి పువ్వుకు మంచిగ నడుస్తది బిడ్డా. లెక్కలు నీకెందుకు? పొద్దుగాల బండి పంపిస్త" అన్నాడు.

కాంతమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని బడి దాటింది. చేతిలో సర్టిఫికెట్టు అట్లాగే ఉంది.

దారిలో ఎస్తేరు ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"అమ్మా, గా దినాలు నేను బడికి రాకుంట ఏడికి పోయిన్నో సారుకు తెల్వదా?"

"తెల్సు."

"తిమ్మప్పకు?"

"ఆయనే కద తోల్కపోయిండు."

"మరి?"

ఇల్లు చేరినా, పొయ్యి వెలిగించినా, ఆ 'మరి' కాంతమ్మను కాలుగాలిన పిల్లిలా తిప్పింది. బడి మాన్పించి చేనుకు తోలిన వాడే, బడికి రాలేదని గదిలోంచి తోలేశాడు. తనను కూడా ఆరో తరగతిలో ఇట్లాగే తోలారు. అప్పుడు తోలారని కూడా తెలియలేదు.

*

క్రాసింగు పని ఎరగని వాళ్లకు ఇది చెప్పాలి. చేనులో ఆడ సాళ్లు కొన్ని, మగ సాళ్లు కొన్ని. మాపటేళ ఆడ సాలులో మొగ్గ మొగ్గనూ గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులు గిల్లెయ్యాలి. తెల్లారి మగ సాలు పువ్వు తెంపి దాని మీద రుద్దాలి. అప్పుడే కాయ, అప్పుడే విత్తనం. ఎండ ముదిరేలోపు రుద్దకపోతే ఆ పువ్వు పనికిరాదు. సన్నని వేళ్లు కావాలని, నడుం వంచకుండానే మొగ్గ అందుతుందని పిల్లలను తెస్తారు. బడి జోరుగా సాగే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే ఇది సాగుతుంది.

మర్నాడు పొద్దున్నే కాంతమ్మ సాలులో నిలబడి అదే మాట ఎత్తింది.

"మన పిల్లలను క్లాసుల నుంచి లేపినరు. హాజరు లేదంట. హాజరు తిన్నదెవరు?"

పక్క సాలులో బాలనాగమ్మ నడుం ఎత్తకుండానే అంది. అరవై దాటిన మనిషి, మనవరాలు ఎనిమిదో తరగతి. "పది పాసైతె సాలదా కాంతమ్మా? గా పై లెక్కలు నేర్సి మనోళ్లు ఏడికి పోతరు?"

"గా క్లాసుల కూసున్న తిమ్మప్ప బిడ్డ ఏడికి పోతదో గాడికే పోతరు."

"ఆయనతోని పెట్టుకుంటే రేపు పని దొరుకుతదా?"

"పని మనకు దొర్కుతుందా, మనం ఆయనకు దొర్కుతున్నమా?"

అందరి చేతులూ ఆగకుండా నడిచాయి. గట్టు మీది మేస్త్రీ "ముచ్చట్లు బంద్ పెట్టుండ్రి" అని కేక వేశాడు. కాంతమ్మకు ఆ కేక మొదటిసారి పిరికిగా వినబడింది.

*

సాయంత్రం ప్రార్థన మందిరం ముందు నలభై మంది దాకా పోగయ్యారు. జయశ్రీ టీచరు స్కూటీ మీద వచ్చింది. మొగవాళ్లు కొందరు దూరంగా గోడకానుకుని నిలబడ్డారు. వాళ్లలో కాంతమ్మ భర్త యోసేపు కూడా ఉన్నాడు. ఇరవై ఏళ్లు పుణె, ముంబై కట్టడాల్లో సిమెంటు మోసి వచ్చిన మనిషి.

"మన పదకొండు మందిని మల్ల తీసుకొమ్మని దరఖాస్తు పెడ్దాం" అన్నాడొకడు.

"పదకొండే ఎందుకు?" అంది జయశ్రీ. "బడిల రెండు వందల మంది ఉన్నరు. గదిల పట్టేది గింతమందే అని ఎవరు చెప్పిండ్రు? సాయంత్రం రెండో బ్యాచు నేను చెప్త. నేర్చుకుంటం అన్నోళ్లందరికీ చెప్త. తాళం తియ్యమనండి చాలు."

"అసలు గా సదువుల ఏమున్నది టీచరమ్మా?" బాలనాగమ్మ అడిగింది.

జయశ్రీ ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు లేచి నిలబడింది.

"అవ్వా, మనం ఆడ సాలు పువ్వుకు మగ సాలు పువ్వు ఎందుకు రుద్దుతమో గా క్లాసుల చెప్తరు. తల్లి మొక్కల ఒక గుణం ఉంటది, తండ్రి మొక్కల ఒకటి ఉంటది. రెండు కలిస్తె కొత్త విత్తనం. మల్ల గా విత్తనాన్నే దాచి ఏస్తే వచ్చేటి పంట అంతా ఒక్క తీరు రాదు. అందుకనే ఏటేటా కంపెనీ కాడ కొనాలె. నేను మూడు పాఠాలే విన్న. నాలుగోది అయితుంటే లేపిండ్రు."

బాలనాగమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది. గోళ్ల కింద పసుపుపచ్చ పుప్పొడి.

"ముప్పై ఏండ్లు రుద్దిన" అంది మెల్లగా. "ఎందుకు రుద్దుతున్ననో ఒక్కడు చెప్పలే. తెల్సుకుందామని పోతే నా మనవరాలిని బయటికి ఎల్లగొట్టిండ్రు." ఒక్కసారిగా లేచింది. "పువ్వు ఒక్క పూటే ఆగుతది కద! మనం ముట్టకుంటే ఏమైతది?"

"ఎండిపోతది!" అన్నారు నలుగురైదుగురు.

"ఎండనీ!"

ఆ రాత్రికే మాట నాలుగు ఊళ్లకు పాకింది. పేర్ల కాగితం చింపాలి, నేర్చుకుంటామన్న ప్రతి పిల్లకూ ఆ గదిలో చోటివ్వాలి, చేలలోకి పిల్లలను తీసుకుపోవడం ఆపాలి. అప్పటిదాకా ఏ చెయ్యీ పువ్వు ముట్టదు.

*

తెల్లారి చేలు ఖాళీ. మేస్త్రీ బండి కాలనీ చుట్టూ మూడుసార్లు తిరిగి ఉత్తదే పోయింది. రెండో రోజు తిమ్మప్ప నేరుగా కాంతమ్మ ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండా గడపలో నిలబడ్డాడు.

"యోసేపూ, నీ బిడ్డ తెలివైంది. సారుతోని మాట్లాడిన. రేపటి నుంచి గా క్లాసుకు రమ్మను. మొత్తం సదువు నేను సూసుకుంట. నీ పెండ్లాన్ని జర నిమ్మళం ఉండమను."

యోసేపు ముఖం వెలిగింది. "కాంతమ్మా, ఇంటికొచ్చి పిలుస్తుండు. నేను ఇరవై ఏండ్లు మోసింది దేనికి? గీ పిల్ల మొయ్యొద్దనే కద!"

కాంతమ్మకు 'సరే' అనాలనిపించింది. దాపరికమెందుకు, గట్టిగానే అనిపించింది. పెద్ద కాలేజీ మెట్లెక్కి పోతున్న ఎస్తేరు కళ్ల ముందు కనబడింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, వేరే మాట అడిగింది.

"మిగిలినోళ్లు?"

"వాళ్ల సంగతి నీకెందుకు?"

"నా బిడ్డ లోపల కూసుంటే బాలనాగమ్మ మనవరాలు బయట నిలవడ్తది. గట్లయితె నా బిడ్డ గూడ మీ దిక్కు మనిషే అయితది. వద్దు. పోండ్రి."

తిమ్మప్ప ఉమ్మి వెళ్లిపోయాడు. యోసేపు తువ్వాలు నేలకేసి కొట్టి బయటికి నడిచాడు. అప్పుడు ఎస్తేరు అరిచింది.

"వద్దని నువ్వెట్ల చెప్పినవ్? సదివేది నేను. నన్నడిగినవా?"

కాంతమ్మ వచ్చి బిడ్డ ముందు కూర్చుంది.

"అడగలే. తప్పే. గిప్పుడు అడుగుతున్న. పోతవా?"

ఎస్తేరు ముక్కు తుడుచుకుంది.

"పోను. మేమందరం లేచి వస్తుంటే శ్రీమంతుల పిల్లలు నవ్విండ్రు. ఒక్కదాన్ని పోతే మల్ల నవ్వుతరు. పోతే అందరం పోతం."

*

మూడో రోజు పొద్దున గోపాల్‌పేట దిక్కు నుంచి తిమ్మప్ప పిలిపించిన కూలీల వ్యాను వచ్చింది. లోపల పాతిక మంది ఆడవాళ్లు, ఒళ్లో సద్ది మూటలు. వాళ్ల మధ్య చిన్న పిల్లలు. చేను దారికి అడ్డంగా నల్లదిన్నె ఆడవాళ్లు కూర్చున్నారు. వ్యాను ఆగింది. కొందరు కొంగులు బిగించారు, కొందరు రాళ్ల కోసం చూశారు.

"రాళ్లు వద్దు! గాళ్లు మనోళ్లే" అని కాంతమ్మ వ్యాను దగ్గరికి పోయింది. "ఎవరి బిడ్డమ్మా గీ పిల్ల?"

"నా బిడ్డ, శ్రీజ" అంది ముందు కూర్చున్న ఆమె. ఆమె పేరు భూలక్ష్మి. "ఎనిమిది సదువుతది. నాలుగు దినాలే అని తోల్కొచ్చిన. ఏందక్కా గీ పరేషాన్?"

కాంతమ్మ చెప్పింది. బడి గది, పదకొండు పేర్లు, హాజరు. గొంతు పెంచలేదు. చివర అంది: "గీ నాలుగు దినాలు రేపు నీ బిడ్డ హాజరుల పోతయి. గప్పుడు మిమ్మల్ని పిలిపించిన తిమ్మప్పే వచ్చి, నీ బిడ్డకు హాజరు లేదంటడు."

భూలక్ష్మి పిల్ల వైపు చూసింది. వ్యానులో గుసగుసలు లేచాయి. డ్రైవరు ఫోనులో "ఆర్గనైజర్ సాబ్, గిట్లయితుంది" అంటున్నాడు. భూలక్ష్మి సద్ది మూట తీసుకుని కిందికి దూకింది. ఒకరి వెనక ఒకరు దిగారు. ఎవరి సద్ది వాళ్లు విప్పారు. నల్లదిన్నె ఆడవాళ్లు పచ్చడి పంచారు. దారి మీదే అందరూ కలిసి తిన్నారు.

ఎండ ముదిరింది. చేలలో వేల పువ్వులు తెరుచుకుని అట్లాగే వాడిపోయాయి. సన్నకారు రైతులు గట్ల మీద తల పట్టుకున్నారు. "పిల్లలకు సదువు చెప్పమంటే నీకేం నొప్పి? నా పంట పాయె కదనయ్యా!" అని ఒక రైతు తిమ్మప్ప కాలరు పట్టుకున్నంత పని చేశాడు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది.

"లీడరెవరు?"

"నేనే" అంది బాలనాగమ్మ.

"నేను" అంది భూలక్ష్మి.

"మేమే, మేమే" అని దారి మొత్తం లేచింది. ఎస్సై విసుక్కున్నాడు. తిమ్మప్ప వేలు చూపించిన మనిషిని పట్టుకున్నాడు. కాంతమ్మను జీపెక్కించారు. యోసేపు గుంపును తోసుకుంటూ వచ్చి జీపు పట్టుకున్నాడు. "కాంతమ్మా, పిల్లను బడికి నేను తోల్కపోత. వీళ్లందరి పిల్లలను గూడ తోల్కపోత" అన్నాడు. ఇరవై ఏళ్లలో అతను అంత గట్టిగా మాట్లాడటం ఆమె వినలేదు.

*

అదే సాయంత్రం విద్యాశాఖ అధికారి ఊరికి వచ్చాడు. ఒక పక్క ఎండిన పువ్వులు, ఒక పక్క బడి ముందు కూర్చున్న నూటపది మంది పిల్లలు, ఊళ్ల నుంచి వచ్చిన జనం. పేర్ల కాగితం రద్దయిందని, అడిగిన వాళ్లందరికీ రెండు బ్యాచులుగా క్లాసు జరుగుతుందని, చేను పని వల్ల తగ్గిన హాజరు అడ్డం కాదని, ఇకమీద పిల్లలను చేలకు తీసుకుపోవద్దని హెడ్‌మాస్టరు చేతనే చదివించాడు. పిల్లల కేకలు ఏటి దాకా పోయాయి. జయశ్రీ ఆ పూటే మొదటి క్లాసు తీసుకుంది. గది చాలక తలుపుల దాకా కూర్చున్నారు.

ఠాణాలో ఎస్సై కాంతమ్మ ముందు ఒక కాగితం పెట్టాడు. "మీ పని అయింది కదమ్మా. ఇంకెప్పుడు జనాన్ని జమ చెయ్యనని సంతకం పెట్టి ఇంటికి పో."

కాంతమ్మ ఆరో తరగతి దాకా చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని మొత్తం చదివింది. కాగితం వెనక్కి తోసింది.

"నేను జమ చెయ్యలే సార్. మీరే చేసిండ్రు. సంతకం పెట్ట."

తెల్లారి ఆమెను గద్వాల కోర్టుకు తీసుకుపోతున్నారు. జీపు నల్లదిన్నె అడ్డరోడ్డుకు వచ్చేసరికి రోడ్డు కనబడలేదు. నాలుగు ఊళ్ల ఆడవాళ్లు నిలబడ్డారు. యోసేపు ఉన్నాడు. ఇంటికి పోని భూలక్ష్మి బృందం ఉంది. నిన్నటిదాకా గట్టు మీద తల పట్టుకున్న రైతులు కూడా కొందరున్నారు.

భూలక్ష్మి జీపు కిటికీ దగ్గరికి వచ్చింది. "అక్కా, మా ఊరి బడిల గసొంటి గదే లేదు. లెక్కల సారే లేడు. మేం ఎవర్ని అడగాలె?"

"ఒక్కదానివి పోయి అడగకు" అంది కాంతమ్మ. "మీ ఊరంతా కల్సి పొండ్రి. మేం గూడ వస్తం."

"జరగండి, జరగండి" అని ఎస్సై అరిచాడు. డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎవరూ జరగలేదు.