బడి వరండాలో బెంచీ

ఆ రోజు ఫిబ్రవరి పదహారు, ఆదివారం. పొద్దున దోసెలు, పితికిన పప్పు కూర. అనపగింజలను ముందురోజే నానబెట్టుకుని, ఒక్కో గింజనూ రెండు వేళ్ళ మధ్య నొక్కి, తొక్కలోంచి పప్పును బయటికి దూకించాలి. గిన్నెడు కూరకు రెండు గంటల పని, తినడానికి పది నిమిషాలు. చామరాజపేటలో పెద్దకొడుకు దగ్గర ఉండే అత్తగారు సుబ్బలక్ష్మమ్మ ఆదివారాలు ఇక్కడికి వస్తుంది. అనపకాయల కాలంలో ఆమె వచ్చిన రోజు ఆ కూర లేకపోతే ఆమె ఏమీ అనదు. పచ్చడి దగ్గరికి లాక్కుని మౌనంగా తింటుంది. ఆ మౌనం కన్నా రెండు గంటల పితుకుడే నయమని స్పందన పెళ్ళయిన ఏడాదే తేల్చుకుంది.

ఆ దోసెల దగ్గరే స్పందన కూతురు చిన్నిని ఏ బడిలో వేయాలో తేలిపోయింది. చిన్నికి మూడేళ్ళు నిండాయి. జూన్‌లో ఎక్కడ చేర్చాలన్నది రెండు నెలలుగా ఇంట్లో నలుగుతోంది. సర్జాపుర రోడ్డు మీద ఒక పెద్ద బడి ఉంది. గాజు గోడలు, గేటు ముందుకే బస్సు, క్లాసులో కెమెరా, పిల్ల ఏం చేస్తోందో ఫోనులో చూసుకోవచ్చు. రెండోది వాళ్ళ అపార్ట్‌మెంటు వెనక రెండు సందులు దాటితే వచ్చే పాత పెంకుటింట్లో గౌరమ్మగారు నడిపే బడి. ఇరవై ఇద్దరు పిల్లలు, ముందు ఇసక కుప్ప, పక్కన జామచెట్టు. చూడటానికి వెళ్ళిన రోజు చిన్ని ఆ ఇసకలోంచి లేవనని ఏడ్చింది. ఈ వీధుల్లో పెరిగిన పిల్లలు సగంమంది అక్కడ చదివినవాళ్ళే. వాళ్ళ అమ్మానాన్నలు ఇప్పటికీ పండక్కో, జ్వరానికో ఒకరింటికి ఒకరు పోతుంటారు. బాపట్ల నుంచి వచ్చి ఆరేళ్ళయినా లిఫ్టులో నవ్వులకు మించి ఎవరూ దగ్గర కాని స్పందనకు ఆ మాట బాగా నచ్చింది.

అయితే గౌరమ్మగారి బడికి ఒక నియమం ఉంది. మొదటి పదిహేను రోజులూ ఇంటి మనిషి ఒకరు తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. లోపల ఆడుకుంటున్న పిల్ల తల తిప్పి చూసినప్పుడల్లా ఆ మొహం అక్కడ కనిపించాలి. ఇవాళ ఒకరు, రేపు ఒకరు అంటే కుదరదు. ఫోను గేటు దగ్గరి డబ్బాలో పెట్టేయాలి.

"దగ్గరుండాది, బస్సు గోల లేదు. ఇదే చేద్దామప్పా," అన్నాడు స్పందన భర్త గిరిధర్, మూడో దోసె చుట్టుకుంటూ. సుబ్బలక్ష్మమ్మ కూడా అదే అంది. పసిబిడ్డను బస్సులో వేసి పంపడానికి మనసెట్లా ఒప్పుతుందని అడిగింది. అందరూ అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి స్పందనకు సంతోషమే వేసింది. పెనం దగ్గర నాలుగో దోసె తిరగేస్తున్నప్పుడు గాని ఆమెకు తట్టలేదు, బెంచీ మీద ఎవరు కూర్చుంటారని ఎవరూ అడగలేదని. అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదని.

మూడేళ్ళ విరామం తర్వాత డిసెంబర్‌లోనే ఆమెకు మళ్ళీ ఉద్యోగం దొరికింది. మహదేవపురలో ఒక కంపెనీ. ఆసుపత్రి యంత్రాలను ఎలా నడపాలో నర్సులకు అర్థమయ్యేలా రాసే పని. వారానికి రెండు రోజులు ఆఫీసు, మూడు రోజులు ఇల్లు. ఆరు నెలలు ప్రొబేషన్. అది పూర్తయ్యేదాకా సెలవు అడగకూడదు. ఆ ఆరు నెలలూ నిండేది సరిగ్గా బడి తెరిచే జూన్‌లోనే.

ఇంట్లో పని చేసే మూడు రోజులూ ఆమె భోజనాల బల్ల మీదే పని చేస్తుంది. కంచాలు పెట్టాల్సిన వేళకు ల్యాప్‌టాప్ ఫ్రిజ్ మీదికి ఎక్కుతుంది. కుక్కర్ కూతకు ముందే మ్యూట్ నొక్కడం ఆమె చేతికి అలవాటైపోయింది. పదకొండింటికి గ్యాస్ మనిషి, పన్నెండింటికి నీళ్ళ క్యాను, మధ్యలో ఆ అంతస్తులో ఉన్న నాలుగిళ్ళ పార్శిళ్ళు. "తను ఇంట్లోనే ఉంటుంది, ఇచ్చేసి పోండి" అని పక్కింటివాళ్ళు డెలివరీ అబ్బాయిలకు ఫోనులో చెప్పడం ఆమె తన చెవులతో విన్నది. ఒకసారి మీటింగులో చిన్ని గొంతు వినపడితే మేనేజర్ రమ్య నవ్వుతూనే, "నిశ్శబ్దంగా ఉండే గది ఏదైనా చూసుకోండి" అంది. మరుసటి వారం పునీత్ అనే సహోద్యోగి ఒళ్ళోకి వాళ్ళ బాబు ఎక్కి కూర్చుంటే అందరూ ముచ్చటపడి ఆ బాబు పేరు అడిగారు. రమ్య కూడా అడిగింది. స్పందనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త తీరిక కావాలి.

గౌరమ్మగారు బుధవారం రమ్మంది. ఫారం గిరిధర్ నింపాడు. స్పందన చిన్నికి జడలు వేసి, నీళ్ళ సీసా, మారుబట్టలు సర్దేసరికి ఆలస్యమైంది, ఫారం చూడలేదు. పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని ఇద్దరూ కూర్చున్నారు. గౌరమ్మగారికి అరవై దాటి ఉంటాయి. ఫారాన్ని పైకి చదవడం ఆమె అలవాటు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఏం తింటే పడదు, తండ్రి ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో ఫలానా. తర్వాత, "తల్లి, హౌస్‌వైఫ్," అని చదివింది.

స్పందన గిరిధర్ వైపు చూసింది. అతని మొహంలో ఏ కల్మషమూ లేదు. మూడేళ్ళుగా టీకాల కార్డు మీద, బ్యాంకు కాగితాల మీద, అన్నింట్లో అదే రాస్తూ వచ్చాడు. చెయ్యి దాని దారిన అది రాసేసింది. తప్పు చేస్తూ దొరికినవాడిలా కాకుండా, గొడుగు మర్చిపోయినవాడిలా నాలుక కరుచుకున్నాడు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వారానికి మూడు రోజులు, అతను అన్నం తినే బల్ల మీదే ఆమె పని చేస్తోంది.

"లేదండీ, నేను జాబ్ చేస్తున్నాను," అంది స్పందన. ఏం పని, ఎప్పటినుంచి, జూన్‌లో సెలవు ఎందుకు దొరకదు, అన్నీ చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఆ ఉద్యోగం గురించి ఎవరైనా ఇన్ని ప్రశ్నలు అడిగి అప్పటికి చాలా కాలమైంది.

"తను అడ్జస్ట్ చేసుకుంటాది మేడం," అన్నాడు గిరిధర్.

గౌరమ్మగారు కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "ఆయమ్మ ఇప్పుడే కాదని చెప్పింది కదప్పా," అంది, ఏ మాత్రం విసుగు లేకుండా. "ఇంటికి పోయి మాట్లాడుకోండి. కింద గడి ఉండాది చూడు, బెంచీ మీద కూచునేవాళ్ళ పేరు. దాంట్లో ఒక పేరు రాసుకోని శనివారం తెండి. సీటు అంతవరకూ పెట్టుంటాను."

గురు, శుక్రవారాలు స్పందన ఎన్ని విధాల ఆలోచించిందో లెక్కలేదు. పెద్ద బడికే పంపేస్తే గొడవ ఉండదు. బస్సు వస్తుంది, పిల్ల ఎక్కుతుంది, కెమెరాలో కనిపిస్తుంది. అప్పుడు చిన్నికి ఇసక కుప్ప పోతుంది, ఆ వీధి స్నేహాలు పోతాయి, తన ఉద్యోగం మిగులుతుంది. లేదంటే రమ్యను బతిమాలుకోవాలి. రమ్య ఒప్పుకోదు, ఒప్పుకున్నా ఆ తర్వాత ప్రతి చిన్న తప్పుకూ ఆ పదిహేను రోజులు గుర్తు చేస్తుంది. ఇంకోటి, ఉద్యోగం మానేయడం. అది కూడా ఒక దారిలాగే మెల్లగా ఆమె తలలోకి వచ్చి కూర్చుంది, ఎవరూ తోయకుండానే. అత్తగారికి ఫోను చేస్తే ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, అది నిజమే. మరి గిరి కూర్చుంటే ఎలా ఉంటుందని స్పందన ఊరికే, గాలికి అన్నట్టు అడిగింది. "మొగోడు పోయి ఆడోళ్ళ మధ్య కూచుంటే చూసినోళ్ళు ఏమనుకుంటారు తల్లీ," అని నవ్వింది సుబ్బలక్ష్మమ్మ. ఆ మాటతో గాని స్పందనకు తెలిసిరాలేదు, రెండు రోజులుగా తాను వేసుకున్న లెక్కల్లో ప్రతిసారీ పోయేది తనదో, పిల్లదోనని. గిరిధర్‌ది ఒక్క గంట కూడా పోలేదు. తన లెక్కల్లోనే అతను లేడు. అతన్ని బయట పెట్టింది అతనొక్కడే కాదు.

అతనికి సెలవులు లేవా అంటే, ఉన్నాయి. పన్నెండేళ్ళ సర్వీసు. వాడుకోని సెలవులు ప్రతి మార్చిలో రద్దయిపోతాయి. "ఈ ఏడు కూడా పదిహేడు రోజులు వదిలేసినాను" అని అతను స్నేహితులతో ఒక రకమైన గర్వంతో చెప్పడం ఆమె ప్రతి ఏడూ వింటోంది.

శుక్రవారం సాయంత్రం, చిన్ని బొమ్మలు పరుచుకుని ఆడుకుంటుంటే, స్పందన ఫారం బల్ల మీద పెట్టుకుంది. హౌస్‌వైఫ్ అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన తన పని పేరు, కంపెనీ పేరు రాసింది. కింద గడిలో అతని పేరు రాసింది. గిరిధర్ ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ అందుకునేటప్పుడు అది చూశాడు.

"ఇదేంది, నన్ను అడగకుండానే రాసేసినావు?"

"నువ్వు నన్ను అడిగి రాశావా?"

ఆమె గొంతు పెంచలేదు. అతను ఫారాన్ని చేతిలోకి తీసుకుని కొట్టేసిన గీతనే చాలాసేపు చూశాడు. ఆఫీసులో ఏం చెప్పాలి అన్నాడు. కూతుర్ని బడిలో చేరుస్తున్నానని చెప్పమంది. మూడు గంటలు ఫోను లేకుండా ఎట్లా అన్నాడు. గౌరమ్మగారినే అడగమంది. నలుగురు ఆడవాళ్ళ మధ్య తానొక్కడే అవుతానేమో అన్నాడు, అది మాత్రం కొంచెం చిన్న గొంతుతో.

"నేను ఆఫీసు టీములో ఎనిమిదిమంది మగాళ్ళ మధ్య ఉన్నాను గిరీ. ఏం కాదు."

అతను నవ్వాడు. ఆ నవ్వులో ఒప్పుకోలు ఎంత, ఓటమి ఎంత అని ఆమె తరచి చూడలేదు. కాఫీ తాగి, తన గ్లాసు తనే కడిగి బోర్లించాడు. శనివారం ఫారం ఇవ్వడానికి చిన్నిని భుజాల మీద ఎక్కించుకుని అతనే వెళ్ళాడు.

జూన్‌లో బడి తెరిచారు. మొదటిరోజు బెంచీ మీద ముగ్గురు తల్లులు, మనవడి కోసం వచ్చిన మునినారాయణప్ప అనే పెద్దాయన, గిరిధర్. ఇంటికొచ్చి నడుం నొప్పన్నాడు. రెండోరోజు నుంచి కబుర్లు మొదలయ్యాయి. బెంచీ మీదివాళ్ళకు గౌరమ్మగారు పళ్ళు కోసే పని అప్పగిస్తుందట. బొప్పాయి గింజలు తీయడం ఇతనికి రాకపోతే ఒకావిడ నేర్పిందట. మునినారాయణప్ప ముగ్గురు పిల్లలూ ఈ బడిలోనే చదివారట, కాని ఆయన ఈ గేటు లోపలికి రావడం ఇదే మొదటిసారట. ఇన్నేళ్ళూ వచ్చింది ఆయన భార్యట, పోయిన ఏడాది ఆమె చనిపోయిందట. "ఆమె ఇక్కడ ఏం చూసిందో ఇప్పుడు చూస్తా ఉండాను," అన్నాడట.

ఎనిమిదో రోజు అతను ముభావంగా వచ్చాడు. ఏమైందంటే, "ఈ పొద్దు నా తట్టు ఒక్కసారి కూడా చూడలేదు," అన్నాడు. స్పందనకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఈ నొప్పి పేరేమిటో ఆమెకు తెలుసు. పాలు మాన్పించిన రోజున ఆమె అది ఒంటరిగా పడింది.

ఆమెకు ఏదీ గుచ్చుకోలేదని కాదు. ఒక మంగళవారం ఆఫీసు క్యాబు బడి ముందు సందులోంచి వెళ్ళింది. గేటు సందులోంచి గిరిధర్ కనిపించాడు. ఒళ్ళో పళ్ళెం, చేతిలో కత్తి, పక్కావిడ ఏదో చెబుతుంటే తలూపుతున్నాడు. ఆ జాగాలో తానుండాలి అనిపించింది ఒక్క క్షణం. కారు ఆపమని నోటిదాకా వచ్చింది. కారు సాగింది, ఆమె ఆపమనలేదు. సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి బ్యాగులోంచి కాగితాలు తీసి ఆ రోజు రాయాల్సింది చూసుకోవడం మొదలుపెట్టింది. రోడ్డు మీద అంత రద్దీలోనూ ఆ అరగంట ఎవరూ ఆమెను పిలవలేదు.

పదిహేనో రోజు శుక్రవారం. ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం కూడా ఆ మధ్యాహ్నమే వచ్చింది. రాత్రి భోజనంలో అది చెబితే గిరిధర్ చిన్నితో చప్పట్లు కొట్టించాడు. బెంచీ మీద కూర్చునే ఒకావిడ ఆదివారం అందరినీ ఇంటికి రమ్మందని, స్పందనను తప్పకుండా తీసుకురమ్మందని చెప్పాడు. "గిరిధర్ వాళ్ళావిడ అంటే చాలు, అందరికీ తెలుసు నువ్వు," అని, ఆ అన్నదేమిటో తనకే వినపడి, "స్పందన అనే చెప్పినానులే," అని సర్దుకున్నాడు. ఆమె నవ్వింది. అన్నీ ఒక్క జూన్‌లో అయిపోవు.

ఎనిమిదిన్నరకు చిన్నికి నిద్ర వచ్చింది. జోకొట్టడానికి స్పందన అలవాటుగా లేచి నిలబడింది. "నువ్వు కాదు, నాన్న," అంది చిన్ని. బడిలో జామచెట్టు మీద తొండ కనిపించిందట. ఆ తొండ ఎక్కడుందో నాన్నకు తెలుసట, అమ్మకు మొదటినుంచీ చెప్పాలంటే కష్టమట. ఆ మాట స్పందనకు ఎక్కడో చురుక్కుమంది. ఆ తర్వాత, ఆ చురుక్కు ఉన్నచోటనే, ఒళ్ళంతా తేలికైంది. ఆమె మళ్ళీ కూర్చుంది. రెండు కాళ్ళూ సోఫా మీదికి తీసుకుంది. గదిలోంచి తొండ కథ వినపడుతోంది, మధ్యమధ్య గిరిధర్ "ఊ, అప్పుడు?" అనడం వినపడుతోంది. కాసేపటికి అతను లేచి గుమ్మం దాకా వచ్చాడు, హాలులో దీపం వెలుగు పిల్ల కళ్ళ మీద పడుతోందని సైగ చేసి, లోపలే ఉండి, తలుపును రెండు చేతులతో పట్టుకుని చప్పుడు కాకుండా మూశాడు.