మూడో చుక్క

ల్యాబులో పనిచేసే అక్క, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన తమ్ముణ్ణి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. అందులో కనిపిస్తున్నవి అతని రక్తంలోంచి పెంచిన కణాలే. ఒక్కోదానిలో మూడు పచ్చని చుక్కలు మెరుస్తున్నాయి. ఒక్కో చుక్కా ఒక ఇరవై ఒకటో క్రోమోజోము; మామూలుగా అయితే రెండే ఉంటాయి.

తమ్ముడు నోరెళ్లబెట్టాడు. "నాలో ఇన్ని దీపాలా!"

రెండో పళ్లెంలోనూ అతని కణాలే, కానీ రెండేసి చుక్కలే వెలుగుతున్నాయి. "మూడోదేదక్కా?"

"నిద్రపుచ్చాంరా! ఇక పుట్టబోయే పిల్లలకి ముందే ఇలా చేసేయొచ్చు," అంది గర్వం పట్టలేక, పళ్లెం మూతమీద ఎప్పట్లాగే 'సరిచేసినవి' అని రాయబోతూ.

తమ్ముడు పెదవులమీద వేలు పెట్టుకున్నాడు. "మెల్లగా మాట్లాడు. లేచాక నేనొచ్చి వెళ్లానని చెప్పు."

అక్క కలం గాల్లోనే ఆగిపోయింది. ఆ మూడో చుక్కని మళ్లీ లేపే మాట పదేళ్లుగా ఆ ల్యాబులో ఒక్కరి నోటా రాలేదు.