గుండీ చాచిన పాదం

కుట్టుపని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, వెల్వెట్ దగ్గరికి వచ్చేసరికి నేను ఒకటే మాట చెబుతాను. "ముందు పిల్లిని నిమిరినట్టు నిమురు. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే గరుకుగా లేస్తుంది. నూగు ఎటు వాలిందో చూసుకుని ముక్కలన్నీ ఆ వైపుకే కత్తిరించు. ఒక్క ముక్క తలకిందులైనా అది వేరే రంగులా కనిపిస్తుంది."

ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. చెప్పేటప్పుడు పక్కన పిల్లి ఉంటే దాన్నే నిమిరి చూపిస్తాను. మా ఇంట్లో పిల్లులకి కొదవ లేదు. తల్లి పేరు కాజా, కూతురు గుండీ. గుండీకి నుదుటి మీద నల్లటి గుండ్రటి మచ్చ, ఎవరో తీరిగ్గా కూర్చుని బొత్తాం కుట్టినట్టు ఉంటుంది. బొత్తానికీ అది దూరే కాజాకీ జతగా ఈ పేర్లు మా అమ్మాయి పెట్టింది. వాటిని మా అత్తయ్య మాత్రం ఆ పేర్లతో పిలవదు. "దొరసానులు లేచారా? దొరసానులకి పాలయ్యాయా?" అంటుంది.

మా ముందుగదిలో సగం నా దుకాణం. కిటికీ పక్కన కుట్టు మిషను, మధ్యలో బట్టలు కత్తిరించే బల్ల. నేను టేపు తీశానంటే చాలు, గుండీ ఎక్కడున్నా వచ్చేస్తుంది. టేపు కొస బల్ల అంచు నుంచి వేలాడితే కింద నుంచి లాగుతుంది. సుద్దముక్కని పంజాతో దొర్లించి సోఫా కిందకి తోస్తుంది, తర్వాత ఏమీ ఎరగనట్టు ఒళ్ళు నాక్కుంటుంది. "నా కొలతలన్నీ నీ దయ మీద ఆధారపడ్డాయే తల్లీ," అని విసుక్కుంటూనే మళ్ళీ టేపు వేలాడదీసేదాన్ని. అది నాకూ ఆటే.

ఆ మధ్యాహ్నం మాత్రం పిల్లులు నా జోలికి రాలేదు. కాజా బీరువా మీద, గుండీ మిషను మూత మీద ఎండలో పడి నిద్రపోతున్నాయి. ఇది ఇక్కడే చెప్పేయాలి.

మా అమ్మాయి వాళ్ళ స్కూల్లో పాటల టీచర్ గారు చేతుల్లేని పొడుగు కోటు కుట్టమని వెల్వెట్ ఇచ్చారు. నేరేడుపండు రంగు. వాళ్ళక్క ఇచ్చిన గుడ్డట, ఐదేళ్ళు దాచుకున్నారట. పిల్లల పాటల కార్యక్రమం రోజు వేదిక మీద వేసుకోవాలని ఆవిడ ముచ్చట.

నేను గుడ్డ పరిచి, కొలతల ప్రకారం కత్తిరించిన కాగితాలు పెట్టి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మా చెల్లెలితో మాట్లాడుతున్నాను. పక్కవీధి టైలరమ్మ ఎవరిదో పూల గుడ్డని తలకిందులుగా కత్తిరించిందట.

"పువ్వులన్నీ తల కింద, కాళ్ళు పైన! కళ్ళు నెత్తికెక్కితే అంతే మరి," అన్నాను నేను.

"నీ దగ్గరైతే అలా జరుగుతుందా అక్కా," అంది చెల్లెలు.

"నా దగ్గరా!" అని నవ్వాను. నవ్వుతూనే కత్తిరించాను.

ఫోను పెట్టేసి ముక్కలు పక్కపక్కన పేర్చాను. కుడి ముందుభాగం నేరేడు రంగులో ఉంది, ఎడమది నల్లగా ఉంది. చెయ్యి పెట్టి నిమిరాను. ఒకటి నున్నగా, ఇంకోటి గరుకుగా. గుడ్డ సరిపోవడం కోసం కాగితం తిప్పి పెట్టాను. నిమిరి చూసుకోలేదు. మిగిలినవన్నీ అరచేతి వెడల్పు పేలికలు.

టీచర్ గారికి ఏం చెప్పాలి అన్నది నాకు తర్వాత తట్టింది. ముందు తట్టింది పక్కవీధి టైలరమ్మ నవ్వుతున్న మొహం. అప్పుడే మిషను మీద గుండీ ఒళ్ళు విరుచుకుంది.

దాన్ని తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టాను. ముందుకాలు పట్టుకుని పాదం కింద మెత్తగా నొక్కాను. గోళ్ళు బయటికొచ్చాయి. ఆ పాదాన్ని పాడైన ముక్క మీద పెట్టి కిందికి లాగాను. ఏమీ కాలేదు, జారిపోయింది. గుండీ నిద్ర లేచి వెల్లకిలా పడి, రెండు కాళ్ళతో నా మణికట్టు పట్టుకుని, నొప్పి తెలియకుండా కొరికింది. ఆట అనుకుంది. నేను మళ్ళీ దాని పాదం పట్టుకుని లాగాను. మళ్ళీ కొరికింది. ఒక్క పోగు కూడా లేవలేదు.

చివరికి కుట్లు ఊడదీసే ముల్లు తీసుకుని నాలుగు గీతలు నేనే గీశాను. దాని మొన ఎటు కదిలితే అటు గుండీ తల తిప్పుతూ చూసింది.

సాయంత్రం ఆ ముక్క అందరికీ చూపించి, గుండీ గీరేసిందన్నాను. గొంతు వణికింది. ఆ వణుకు దొంగది కాదు, అదే నయమైంది నాకు.

"ఇన్నాళ్ళూ దొరసానులు అన్నాను, ఇవి పులులు!" అంది అత్తయ్య. "చెప్తే విన్నారా? అన్నం పెట్టే బల్ల మీద పంజా విసిరిందే!"

మా ఆయన బస్సు డ్రైవరు. టీ తాగుతూ ఆ గీతలకేసి చూసి, "డిపోలో స్టోర్‌కీపర్ ఎప్పట్నుంచో పిల్లి కావాలంటున్నాడు, ఎలుకలు టైర్లు కూడా వదలట్లేదట. ఆదివారం ఇచ్చేసొస్తాను," అన్నాడు. "నీ పనికి అడ్డమైతే ఎలా మరి."

మా అమ్మాయి గుండీని ఒళ్ళో పెట్టుకుని పాదాలు ఒక్కొక్కటీ నొక్కి చూసింది.

"నిన్న సాయంత్రమే గోళ్ళు తీశానమ్మా," అంది.

అవి ఎందుకు జారిపోయాయో అప్పటిదాకా నాకు తెలియదు.

"ఎడమ కాలు సరిగ్గా తీయనివ్వలేదు. నేనూ సరేలే అని వదిలేశాను," అని తల దించుకుంది. "తప్పు నాది."

కాదు అనాల్సింది అప్పుడే. "ముందు అన్నం తిను," అన్నాను.

మర్నాడు టీచర్ గారు వచ్చారు. ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలేమ్మా, మూగజీవి. దానికేం తెలుసు," అన్నారు. "కట్టింగ్ మాత్రం ఎంత చక్కగా చేశావో! నీ కష్టం కూడా పోయింది పాపం."

తల కొట్టేసినట్టయింది. ఆవిడ మెచ్చుకున్నది ఆ తలకిందులైన ముక్కనే.

ఇంతలో మా అమ్మాయి లోపల్నుంచి వచ్చి ఆవిడ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. "సారీ టీచర్. దాని గోళ్ళు తీయడం నా పని. నేను సరిగ్గా చేయలేదు."

"పిచ్చిపిల్లా, దానికి నువ్వేం చేస్తావు?" అని ఆవిడ మా అమ్మాయి బుగ్గ నిమిరారు. నేను పక్కనే నిలబడి దారపు రీళ్ళు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

ఆ రోజు నుంచి గుండీ కొత్త అలవాటు చేసుకుంది. టేపు వైపు చూడదు. నేను బల్ల దగ్గర నిలబడగానే పైకెక్కి, నా ఎదురుగా కూర్చుని, ముందుకాలు ఎత్తి గుడ్డ మీద పెడుతుంది. పెట్టి నా మొహంలోకి చూస్తుంది. ఆ పాదం పట్టుకుని లాగాలి, అది నా మణికట్టు కొరకాలి. దానికి ఆ ఆట నచ్చింది. నేను దించేస్తే మళ్ళీ ఎక్కుతుంది. శుక్రవారం ఆరుసార్లు దించాను. శనివారం తలుపు వేసుకుని పని చేశాను, అది బయట కూర్చుని అరిచింది.

ఆదివారం ఉదయం మా ఆయన మూతబుట్ట కిందకి దించాడు. మా అమ్మాయి తన పాత స్వెట్టరు అందులో పరుస్తోంది. అత్తయ్య కూడా, "పాలు పోసి పంపండి, ఖాళీ కడుపుతో వద్దు," అంది గొంతు మార్చి.

పిల్లిని వెతకాల్సిన పని లేకపోయింది. నేను ఊరికే బల్ల తుడుస్తుంటే వచ్చి ఎక్కింది. నా ఎదురుగా కూర్చుని పాదం చాచింది.

మా అమ్మాయి చూసింది. "అరె, షేక్‌హ్యాండ్ ఇస్తోందే! ఇదెప్పుడు నేర్పావమ్మా?" ఏడుపు మొహంలోనే నవ్వింది. "నాన్నా, చూడు, వెళ్ళే రోజు కొత్త విద్య నేర్చుకుంది!"

"నేర్పింది నేనే," అన్నాను. "బుధవారం మధ్యాహ్నం."

ముగ్గురూ నా వైపు చూశారు. బీరువా లోంచి వెల్వెట్ ముక్కలు తీసి పక్కపక్కన పరిచాను. "ఇదీ అదీ నిమిరి చూడు," అన్నాను మా అమ్మాయితో. ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే. నిమిరింది. చెయ్యి గీతల దగ్గర ఆగింది.

"ఇది తలకిందులుగా కట్ చేశావు," అంది మెల్లగా.

"అవును. దాని పాదంతో గీయబోయాను. మొనలు లేక గోళ్ళు జారిపోయాయి. ముల్లుతో నేనే గీశాను."

మా ఆయన బుట్ట మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అత్తయ్య ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. అంటే బాగుండేది. స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానంటూ లోపలికి వెళ్ళిపోయింది. పాలు దించి అప్పటికి గంటయింది.

"నేను సారీ చెప్తుంటే నువ్వు అక్కడే ఉన్నావు," అంది మా అమ్మాయి.

"ఉన్నాను."

"రీళ్ళు సర్దుతున్నావు."

దానికి అదీ గుర్తుంది.

స్వెట్టరు బుట్టలోంచి తీసి మడత పెట్టింది. మడత సరిగ్గా రాలేదని మళ్ళీ విప్పింది. "టీచర్‌కి ఎవరు చెప్తారు?"

"నేనే. ఇప్పుడే వెళ్తాను."

"నేనూ వస్తాను. నేను చెప్పిన సారీ వెనక్కి తీసుకోవాలి."

వెల్వెట్ ముక్కలు సంచిలో పెట్టుకోబోతే గుండీ వాటి మీద కూర్చుని మళ్ళీ పాదం చాచింది. దాన్ని పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. మా అమ్మాయి వచ్చి దాన్ని ఎత్తుకుని పక్కన పెట్టింది, ఆ పాదాన్ని ఒకసారి తన అరచేతిలో మూసి వదిలింది.

చెప్పులు వేసుకుని నాకంటే ముందు గేటు దాటింది. వీధి మలుపు దాకా నాలుగడుగుల ముందే నడిచింది. నేను వెనకే నడిచాను, కలుపుకోవడానికి తొందరపడలేదు.