ఉప్పుకోట రెండో భాగం

మా తమ్ముడు హరిప్రసాద్ ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. ఒకప్పుడు గళ్ళ కాగితం మీద గీసేవాళ్ళు, ఇప్పుడు కంప్యూటర్లో గీస్తారు. మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, హిందూపురంలో నేను పనిచేసే ల్యాబ్‌లో రక్తం సీసాలకు పేర్లు అంటిస్తూంటే ఫోన్ చేసినాడు.

"అక్కా, ఉప్పుకోటకు రెండో భాగం వచ్చిండాది," అన్నాడు.

చేతిలో సీసా పక్కన పెట్టి బయటికి వచ్చినాను. ఆ పేరు వాని నోట విని పదిహేనేండ్లయింది.

అప్పుడు మేము పెనుకొండలో ఉండేవాళ్ళం. మా నాయన చెన్నకేశవులుకు బస్టాండు కాడ చిన్న చీరల అంగడి. నేను ఇంటర్ చదువుతుండేదాన్ని. హరి పది పాసై, డిప్లొమా చదవడానికి ధర్మవరంలో మా అత్త నాగరత్నమ్మ ఇంటికి పోయినాడు. ఇంట్లో సిమ్ లేని పాత బటన్ల ఫోను ఒకటి ఉండేది. దాంట్లో సాల్ట్ ఫోర్ట్ అని ఒక ఆట. మేము ఉప్పుకోట అనేవాళ్ళం.

స్క్రీన్ నిండా గళ్ళు. మన సైనికులు పన్నెండు మంది. మనం ఒక ఎత్తు వేస్తే ఫోను ఒక ఎత్తు వేస్తుంది. గెలిచే కొద్దీ సైనికులకు బలమొస్తుంది, కొత్త విద్యలు పట్టుబడతాయి. వాళ్ళకు పేర్లు మనమే పెట్టుకోవచ్చు. చచ్చినోళ్ళు మళ్ళీ రారు. వేసిన ఎత్తు వెనక్కి తీసుకోను కుదరదు. ఉప్పుకోట రాజును చంపిందెవరో చివరి యుద్ధం గెలిస్తే గాని తెలీదు.

మేము మా వీధివాళ్ళ పేర్లే పెట్టినాము. డాలు పట్టుకొని అడ్డం నిలబడేవాడు గొర్రెల పోతులయ్య. వడిసెలతో చేలో పిట్టల్ని తోలే ఉలిగమ్మ మా విలుకత్తె. గాయాలు మాన్పేది దాసమ్మ. నిజం దాసమ్మ మా వీధిలో బాలింతలకు నీళ్ళుపోసేది. ఆమె చేయి తగిలితే పసిబిడ్డలు ఏడుపు ఆపుతారని పేరు.

హరి ధర్మవరం పోయినాక ఆట ఆగిపోతుందనుకున్నాను. నాయన చీరలు తేవడానికి మంగళవారం, శనివారం ప్యాసింజర్ రైల్లో ధర్మవరం పోతాడు. ఫోను ఆయన సంచిలో పెట్టి పంపినాను. ఒక ఎత్తు నాది, ఒక ఎత్తు హరిది. మంగళవారం పోయిన ఫోను ఆ సాయంత్రమే తిరిగొచ్చేది. దాంతోపాటు చీరలు చుట్టే కాగితం ముక్క మీద వాని రాత. "పోతులయ్యను కదిలించొద్దు. వాగు దాటకుండా ఆయప్పే అడ్డం." నేను దానికి జవాబు రాసి శనివారం పంపేదాన్ని. ఒక్కో యుద్ధం ఆరు వారాలు పట్టేది. క్లాసులో కెమిస్ట్రీ నోట్సు వెనక గళ్ళు గీసి, ఎవరిని ఎటు జరపాలో చూసుకునేదాన్ని. మంగళవారం సాయంత్రం ఆరింటికి నాయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, అన్నం ముందునుంచి లేచి పోయేదాన్ని.

పదో యుద్ధంలో దాసమ్మ చచ్చిపోయింది. శనివారం రాత్రి నేను ఫోను తెరిచేసరికి ఆమె గడి ఖాళీగా ఉండాది. గోడ వెనక దాచిన మనిషిని ఎవరో బయటికి తీసినారు. హరికి కాగితం మీద నాలుగు మాటలు గట్టిగా రాసి పంపినాను. వాడు తాకలేదని రాసినాడు. "నువ్వే జరిపి నా మీద చెప్తాండావు," అని కూడా రాసినాడు. నేను ఫోను పంపడం మానేసినాను. రెండు నెలలు మాటల్లేవు. తర్వాత మాటలు కలిసినాయి గాని, ఆ ఊసు మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. ఆట పదో యుద్ధం కాడనే నిలిచిపోయింది. ఇల్లు మారినప్పుడు ఫోను ఎటు పోయిందో తెలీదు.

ఇప్పుడీ రెండో భాగం. ఎవరి ఫోన్లో వాళ్ళు ఉండి ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు. ఆదివారం పొద్దున్నే పనులు ముగించుకొని కూర్చున్నాము. మొదట్లోనే తెర మీద పాత కథ రెండు ముక్కల్లో చెప్పినారు. ఉప్పుకోట పడిపోయి ఇరవై ఏండ్లయిందంట. రాజును చంపింది ఆయన సొంత తమ్ముడేనంట. ఏడాదిన్నర ఆడి మేము చేరలేని చోటు అది.

"ఓహో, వాడేనా," అన్నాడు హరి ఫోన్లో.

ఆట బాగుండాది. కొండలు కొండల్లాగ, నీళ్ళు నీళ్ళలాగ ఉండాయి. సైనికులు మాట్లాడతారు, ఒకరి మీద ఒకరు అలుగుతారు. దెబ్బతిన్నోళ్ళు యుద్ధం అయినాక లేచి వస్తారు. ఎత్తు తప్పితే వెనక్కి తీసుకోను ఒక మీట ఉండాది. నేను మూడు ఆదివారాలు ఆడినాను. ఆడుతున్నంతసేపూ ఏదో వెలితి.

"ఇదే మేలుగుండాది అక్కా. నువ్వు ఒప్పుకోవుగాని," అన్నాడు హరి.

"నేను కాదన్నానా?"

"అనల్యా. మూలుగుతాండావు."

"దీంట్లో ఎవరికేమైనా భయం లేదు కదరా. మళ్ళా లేచొస్తారు."

"భయం ఆటలో ఉండ్లేదక్కా. మనకుండె."

ఆ తర్వాతి శనివారం నాయన షుగర్ పరీక్షకు హిందూపురం వచ్చినాడు. పరగడుపున ఒకసారి రక్తం తీసి, టిఫిన్ చేసినాక రెండు గంటలకు ఇంకోసారి తీయాల. ఆ రెండు గంటలూ ల్యాబ్ బెంచీ మీద నా పక్కనే కూర్చున్నాడు. రోగులెవరూ లేకపోతే నేను ఫోన్లో ఉప్పుకోట తెరిచినాను. ఆయన కండ్లద్దాలు సర్దుకొని వంగి చూసినాడు.

"దాసమ్మ ఉండాదా దీంట్లో?" అని అడిగినాడు.

నేను ఆయన మొగం చూసినాను. ఆటలో ఆ పేరు పెట్టినట్లు ఈయనకెట్ల తెలుసు? మేమెప్పుడూ ఆయనకు ఆట సంగతి చెప్పలేదు. ఆయన మాకు ఫోను మోసే మనిషి, అంతే.

"లేదు నాయనా. చచ్చిపాయె గదా," అన్నాను.

"నేనే చంపినా," అన్నాడు ఆయన, స్క్రీన్ మీదనుంచి కండ్లు తీయకుండా.

తర్వాత మెల్లగా చెప్పినాడు. రైల్లో ఊరికే కూర్చోలేక మొదట మా కాగితాలు చదివేవాడంట. తర్వాత ఫోను తెరిచి, మేము రాసినదానికీ స్క్రీన్ మీద ఉన్నదానికీ సరిచూసుకునేవాడంట. మక్కాజిపల్లి స్టేషను దాటితే ధర్మవరం వచ్చేదాకా అదే పని. ఏడాదిపాటు ఒక్క మీట కూడా నొక్కలేదంట.

"ఆ పొద్దు చూస్తే ఆయమ్మ గోడెనక ఒక్కతే ఉండె. అందరూ ముందర ఉండారు, ఈమెను మర్చిపోయినారేమో పిల్లోళ్ళు అనుకుంటి. పోతులయ్య పక్కకు జరిపితి. మళ్ళా ఎనక్కి పెడదామంటే రాల్యా."

"ఎందుకు చెప్పల్యా నాయనా?"

"మీరిద్దరూ మాటలు మానుకుంటిరి. భయమయ్యె. చెప్తే ఇంక ఫోను నా చేతికియ్యరేమో అనుకుంటి." మళ్ళీ ఆయనే అన్నాడు, "ఎట్లైనా ఇయ్యకనే పోతిరి. మీకేమో గాని, నాకు రైల్లో పొద్దు పోకపాయె."

నాకు కోపం రాలేదు. కిటికీ పక్కన సంచి ఒళ్ళో పెట్టుకొని, మా కోసం కాదు, తన కోసం ఆ చిన్న స్క్రీన్ చూసుకుంటున్న నాయనను ఊహించుకున్నాను. అప్పుడాయనకు నలభై ఆరేండ్లు. ఆ ఆటను ఇద్దరమే ఆడినామని ఇన్నేండ్లూ అనుకుంటిమి.

రెండో రక్తం తీసేటప్పుడు ఆయన చేయి ఎప్పుడూ లేనంత సేపు పట్టుకున్నాను.

ఆ ఆదివారం ముగ్గురమూ హరి ఇంట్లో కలిసినాము. నేను హిందూపురంలో రైలెక్కితే, నాయన పెనుకొండలో ఎక్కినాడు. సంగతి హరికి నేనే చెప్పినాను. వాడు నాయన దిక్కు తిరిగినాడు.

"నాయనా, నేను అక్కను ఎంత మాటంటి, తెలుసా?" అన్నాడు.

"తెలుసప్పా. ఆ కాగితం గూడా నేనే మోసుకొస్తి గదా."

హరికి నవ్వొచ్చింది. లేచిపోయి కంప్యూటర్ తెరిచినాడు. పాత ఫోన్ల ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కించి, మొదటి ఉప్పుకోటను యాడనో వెతికి పెట్టినాడంట. ముగ్గురమూ కుర్చీలు జరుపుకొని కూర్చున్నాము.

గళ్ళు చిన్నగా, మొరటుగా ఉండాయి. దాసమ్మ అని నేను ప్రాణంగా చూసుకున్న మనిషి నాలుగు తెల్లచుక్కలు, ఒక ఎర్రచుక్క. శత్రువు మూడు ఎత్తులకొకసారి అదే పని చేస్తాడు, ఆ వయసులో మాకు అది తెలియనే లేదు. ఆరు వారాలు పట్టిన యుద్ధం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నేను ఇంకోటి ఆడదామనలేదు. హరి కూడా అడగలేదు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు వాడు మెల్లగా.

"రెండోదే మేలు," అన్నాను. బాధనిపించింది. నిజం ఒప్పుకున్నందుకు కాదు, ఆ ఆరు వారాలు ఆటలో దొరకనందుకు.

నాయన నా ఫోన్లో రెండో భాగం తెరిపించుకున్నాడు. ఎత్తు వెనక్కి తీసుకునే మీట చూపించినాను. ఒక సైనికుణ్ణి ముందుకు జరిపి, మీట నొక్కి వెనక్కి తెచ్చినాడు. మళ్ళా జరిపి, మళ్ళా తెచ్చినాడు. అట్ల నాలుగుసార్లు చేసినాడు.

"మీకు ఏది మేలో నాకు తెల్దు. తప్పు చేసినోనికి ఇదే మేలు," అన్నాడు.

హరి భార్య సుమ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెచ్చి పెట్టింది. తినుకుంటూనే నాయన మొదటి యుద్ధం గెలిచినాడు.

పోయేటప్పుడు ఆయన ఫోన్లో ఆట ఎక్కించి పంపినాము. ఇప్పుడు ఆయన మా ఇద్దరికంటే మూడు యుద్ధాలు ముందున్నాడు. సైనికులకు ఏం పేర్లు పెట్టినాడో అడిగితే చెప్పడు. అంగట్లో బేరాల్లేని పదకొండు గంటల వేళ నాకు ఫోన్ చేసి, స్క్రీన్ మీద ఇంగ్లీషు మాట ఒకటి అక్షరం అక్షరం చదివి అర్థమడుగుతాడు. మొన్న మంగళవారం 'ఫోర్డ్' అంటే ఏమని అడిగినాడు. ఏట్లో నడిచి దాటేటంత తక్కువ నీళ్ళుండే చోటు నాయనా, అన్నాను.

"అట్లనా. అయితే ఈడనే దాటిస్తా," అని పెట్టేసినాడు.