హీరోగారి చొక్కా

మొహం కనిపించే షాట్లు అవగానే హీరోగారు జ్వరమంటూ చక్కా వెళ్ళిపోయాడు. చొక్కా మాత్రం వదిలాడు. ఈ కొండల్లో మిగిలిన ఐదుగురిలో అది పట్టింది నాకొక్కడికే, కాబట్టి వీపు కనిపించే షాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. నా ఖర్మ!

నేను లైట్లు పెట్టేవాణ్ణి. డైరెక్టరు నా భార్యకు స్వయానా అన్న. "మూడు రోజులే బావా, చెల్లికి నెలలు నిండేలోపు ఇంట్లో దింపుతా" అని లాక్కొచ్చాడు. ఇవాళ్టికి పదమూడు. కథేమో లోయలో చిక్కుకున్నవాడిది. బయటపడే దారిలేక నేను ఏడవాలి, అదీ వీపుతో!

ఉన్నది ఒక్క జీపు, తాళం డైరెక్టరు బావ జేబులో. ఫోను పలికేది పైనున్న బండ మీదే. నేను ఎక్కుతానంటే, "కాలు గీరుకుంటే నిన్నటి షాటుకి అతకదు" అని ఒంటికాలి మీద లేచేవాడు. తనే ఎక్కి దిగి, "ఇంకా నొప్పులు రాలేదు" అనేవాడు. తన చెల్లెలే కదా అని నమ్మాను. నా అంత వెర్రివెంగళప్ప ఉంటాడా!

ఈ మధ్యాహ్నం ఏడుపు షాట్ పెట్టారు. ఐదు టేకులు తిన్నాను. "వీపులో బాధ లేదు బావా" అని విసుక్కున్నాడు. ఆరో టేకుకి కెమెరా నా వెనక తిరుగుతుంటే, బావ నా ఎదుట ఓ రాయి చాటున కూర్చుని మెల్లగా అన్నాడు.

"పాప పుట్టింది. మంగళవారమే. చెబితే వెళ్ళిపోతావని..."

ఇవాళ శనివారం. నా భుజాలు వాటంతటవే ఎగిరిపడ్డాయి. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"కట్! ఓకే! అదిరింది!" కెమెరామన్ అరిచాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మీ చెల్లి నా గురించి అడిగిందా?" అన్నాను.

బావ తల దించుకున్నాడు. "రోజూ అడుగుతోంది."

"ఏం చెబుతున్నావ్?"

"షాట్‌లో ఉన్నాడని."

ఒళ్ళు మండిపోయింది. చొక్కా విప్పి పక్కనే పారుతున్న వాగు మీదికి చాపాను.

"బావా, వద్దు! ఇంకా రెండు షాట్లున్నాయి!"

"తాళం ఇవ్వు."

ఇచ్చాడు. ఇస్తూ సిగ్గులేకుండా, "రేపటికల్లా వచ్చేస్తావుగా?" అన్నాడు.

చొక్కా బావ చేతిలో పెట్టాను. జీపు తిప్పుతూ అద్దంలో చూశాను. బావ ఆ చొక్కా తొడుక్కోబోతున్నాడు. మోచెయ్యి దాటి ఎక్కడం లేదు.