బొమముడి

ఆ పొద్దున ఆకాశం కురవదు, తెరిపివ్వదు. మూడు రోజుల ముసురు. ఆరని బట్టలు వసారాలోకి మారుస్తుంటే, అక్కడే మట్టితో మా ముత్తాత తల చేస్తున్న బందరు శిల్పి అప్పయ్యగారు "కాస్త కాఫీ ఇస్తారా అమ్మా" అన్నారు. నాలుగోసారి.

ముత్తాత పెద్ద కవి. రెండువేల రెండులో గుడివాడ పక్క మా ఊరి సెంటర్లో విగ్రహం పెడదామన్నారు. మిగిలింది ఒక్క ఫొటో. కింది సగం చెదలు తినేసింది, నుదురూ కళ్లూ మసగ్గా దక్కాయి. అయితేనేం, మా ఆయన శశిధర్ బావ ఉన్నాడు కదా! "అచ్చం కవిగారే" అంటుంది ఊరు. ఏటా జయంతికి శాలువా బావకి, నలభైమందికి గారెల పిండి రుబ్బడం నాకు. మాది మేనరికం. పోయిన మావయ్యా మా అమ్మా అన్నాచెల్లెళ్లు, కవిగారి కొడుకు బిడ్డలు. బావకి కవిగారెంతో నాకూ అంతే. పెళ్లయిన ఈ పదిహేనేళ్లలో ఈ సంగతి ఎవరికీ గుర్తురాలేదు. ఎసట్లో బియ్యం పోసుకుంటూ నేనూ మర్చిపోయాను.

"ముక్కు కుదిరింది. చూపే రావట్లేదండీ. బాబుగారిది మెత్తని మొహం" అన్నారు అప్పయ్యగారు, ఎదురు కుర్చీలో కూర్చోబెట్టిన బావని చూస్తూ.

"కోపంగా చూడరా! ఆయన కోపం తేజస్సురా" అంది అత్తయ్య. బావ మొహం బిగించాడు. పంటినొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.

నేను కాఫీ తెచ్చి, ఈ కుర్చీల మధ్య ఎక్కడ పెట్టాలో తెలీక, విసుగ్గా బొమలు ముడేసి నిలబడ్డాను.

"అమ్మా, కదలకండి!" అప్పయ్యగారు ఫొటో తెచ్చి నా మొహం పక్కన పెట్టి చూశారు. "ఇదేనండీ ఆ చూపు."

"దీనిదా?" అత్తయ్య గొంతు లేచింది. "ఆ బొమముడి ఇంటికి దరిద్రమని రోజూ మొత్తుకుంటున్నా. ఆడదాని మొహం చూసి కవిగార్ని చేస్తావా? వెళ్లవే, వంట చూడు."

"వెళ్లు సరోజా, పదకొండైంది" అన్నాడు బావ.

కవిగారి నుదుటి మీద తేజస్సు. నా నుదుటి మీదికొచ్చేసరికి దరిద్రం.

"లే బావా" అన్నాను. లేచాడు. ఆ కుర్చీలో కూర్చున్నాను.

"అత్తయ్యా, మన ముగ్గురిలో ఆయన రక్తం లేనిది మీకొక్కరికే. ఎసరు మరుగుతోంది, బియ్యం ఎవరు పోస్తారో చూసుకోండి."

రెండింటిదాకా లేవలేదు.

అన్నం ముద్దయింది. పప్పులో ఉప్పు లేదు. బావే నాలుగు కంచాలు పెట్టాడు. ఆ ఇంట్లో మొదటిసారి అందరితోపాటు కూర్చున్నాను. ఒక ముద్ద తిని అత్తయ్య నావైపు చూసింది. నేను తింటూనే ఉన్నాను. కాసేపటికి బావ లేచి వెళ్లి ఉప్పు తెచ్చాడు.