చంటి గుండె రిపోర్టు

మా సుందరి ఆరేళ్ళకే పోయింది. డాబర్‌మన్ జాతి. పొద్దున్నే గేటు దగ్గర పాలవాడి మీద మొరుగుతూ మొరుగుతూ పక్కకి ఒరిగింది, అంతే. ముందు నెలే సీతమ్మధారలో కుక్కల డాక్టరు అనూరాధగారు స్కాన్ చూసి, గుండె ఉబ్బిందని, ఈ జాతిలో ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుంటుందని చెప్పారు. నేను ఏడ్చాను. యాభై ఆరేళ్ళ మనిషి కుక్క కోసం ఏడవడమేమిటని మా ఆవిడ అనలేదు, ఆవిడా ఏడుస్తోంది కాబట్టి.

ఏడుపు తెరిపిచ్చాక చంటి గుర్తొచ్చాడు.

సుందరి ఈతలో బతికింది ఆ ఒక్క పిల్లే. వాణ్ని నేనే గంగరాజుకి ఇచ్చాను. గంగరాజు ఊరు పద్మనాభం, నాది భీమవరం వైపు. ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా ఒకే షిఫ్టులో క్రేన్లు నడుపుతున్నాం. అతనికి భార్య పోయింది, పిల్లల్లేరు, ఉక్కునగరం క్వార్టర్లో తల్లి మహాలక్ష్మమ్మతో ఉంటాడు. అడిగితే తప్ప నోరు విప్పని మనిషి కాస్తా చంటి వచ్చాక వీధంతటికీ వినపడేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఉదయం షిఫ్టు దిగి రెండింటికి అతని బండి చప్పుడు మలుపులో వినిపిస్తే చాలు, చంటి గోడ దూకి ఎదురొచ్చేవాడు. అక్కణ్ణించి ఇంటిదాకా బండితో పందెం. ఆ పరుగు చూడ్డానికి జనం భోజనాల దగ్గర్నించి లేచొచ్చేవారు.

చంటికీ పరీక్ష చేయించమన్నారు అనూరాధగారు. బుగ్గ లోపల పుల్లతో రుద్ది ల్యాబుకి పంపితే, గుండెజబ్బు తెచ్చే జన్యువు వాడిలో ఉందో లేదో చెబుతారట. గంగరాజు ఒప్పుకోలేదు. బంగారంలా తిరుగుతున్నవాడికి పరీక్ష ఎందుకన్నాడు. నాకు తిక్కరేగింది. నాకున్న జబ్బే అది, నాకు సరైందని తోచింది ఎదుటివాడి చేత మింగించేదాకా ఊరుకోను. ఫ్యాక్టరీలో పనికొచ్చే మాటే ఇక్కడా వాడాను.

"రోప్‌లో ఒక్క తీగ తెగిందేమోనని అనుమానమొస్తే క్రేన్ నడుపుతావా, ఆపేస్తావా?"

ఆ మాటకి మా దగ్గర తిరుగులేదు. అనుమానముంటే ఆపు అని ఉద్యోగంలో చేరిన రోజే మా చేత వల్లె వేయించారు. ఆ మాట పెడచెవిన పెడితే ఏమవుతుందో ఒకసారి ఇద్దరం కళ్ళారా చూశాం. గంగరాజు తలూపాడు.

మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. జన్యువు ఉంది, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా. అనూరాధగారు ఓపిగ్గా విడమరిచారు. ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు, రావచ్చు, రాకపోవచ్చు. రాకుండా ఆపే మందు లేదు. అప్పుడే తీసిన స్కాన్లో గుండె శుభ్రంగా ఉంది కాబట్టి ఏడాదికోసారి చూపిస్తూ, అంతవరకూ హాయిగా పరిగెత్తనివ్వమన్నారు. నేను ఈ చివరి మాట విన్నాను. గంగరాజు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

మర్నాడే చంటిని వరండా గ్రిల్‌కి గొలుసుతో కట్టేశాడు. బండి చప్పుడు వింటే వాడు ఎగురుతాడని, మలుపులోనే ఇంజన్ ఆపి, మిట్టమధ్యాహ్నపుటెండలో బండి తోసుకుంటూ వచ్చి, వెనక గుమ్మంలోంచి తన ఇంట్లోకి తనే దొంగలా దూరేవాడు. దగ్గరికెళితే గంతులేస్తాడని నిమరడం కూడా మానేశాడు. కూడు మహాలక్ష్మమ్మే పెట్టేది.

"ఆడు కుక్కని సూడ్డు బాబూ," అంది ఆవిడ నాతో. "కుక్క ఆడినే సూత్తాది."

ఇదంతా చేసింది నేనే. డాక్టరుగారి చేత ఫోన్లో చెప్పించాను. బతిమాలాను, తిట్టాను. ఒకరోజు నేనే గొలుసు విప్పబోతే గంగరాజు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒగ్గీమంటావేటి బావా? పరిగెడతా పడిపోతే నువ్వు తెచ్చిత్తావా? అనుమానముంటే ఆపీమని నువ్వే కదా సెప్పినావు."

గొలుసు వదిలేశాను. జవాబు ఇంటికొచ్చాక తట్టింది. క్రేన్ ఆపేది రోప్ మార్చి మళ్ళీ నడపడానికి, కుక్కలో మార్చేదేముంది? మర్నాడు షిఫ్టులో ఆ మాటే అన్నాను.

"మార్సలేం కాబట్టే కట్టీసినాను," అన్నాడు.

ఇక ఏడాది స్కాన్ మీదే ఆశ పెట్టుకున్నాను. గుండె బాగుందని చెబితే గంగరాజే గొలుసు విప్పుతాడనుకున్నాను. మొన్న ఆదివారం నేనే ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళాను. చంటి బల్ల మీద కదలకుండా పడుకున్నాడు. ఇదివరకు ముగ్గురం పట్టుకుంటే తప్ప ఆగేవాడు కాదు. అనూరాధగారు తెర వైపు చాలాసేపు చూసి, గుండె కిందటేడాది ఎలా ఉందో అలాగే ఉందన్నారు.

గంగరాజు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"సూసినావా బావా, కట్టీసినందుకే నిలబడ్డాడు. నువ్వు సెప్పకపోతే నాను ఒగ్గీసుందును, ఈపాటికి పోయేవోడు."

గొలుసుకీ దీనికీ సంబంధం లేదని డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు. అతను వినడం లేదు. స్కాన్ బాగుంటే అది గొలుసు చలవ. బాగోకపోతే గొలుసు ఇంకాస్త పొట్టిదవుతుంది. ఇంక ఏ రిపోర్టు వచ్చినా చంటికి విడుదల లేదు.

చంటికి ఇప్పుడు మూడేళ్ళు. మేం బయల్దేరుతుంటే అనూరాధగారు గంగరాజు భుజం తట్టి, ఇలాగే ఉంటే ఇంకో ఏడెనిమిదేళ్ళు బతకొచ్చన్నారు.